తాకట్టు విడిపించేది ఎవరు?

రోడ్డు మీద ఒక ముసలాయన కాలు జారి పడితే మన నోట వచ్చే మాట "అయ్యో పాపం". లంచం తీసుకుంటూ ఒకడు దొరికిపోతే వచ్చే మాట "వాడి పాపం పండింది". మాట ఒకటే. ఒకచోట జాలి, ఇంకోచోట నేరం. ఎంత అలవాటైపోయిందంటే ఇందులో వింత ఉన్నట్టే తోచదు.

రెండో వాడుకలో ఒక లెక్క ఉంది. పాపం పంట లాంటిది, విత్తినవాడే కోసుకుంటాడు. ఇప్పుడు కాకపోతే తర్వాత, ఈ జన్మలో కాకపోతే పై జన్మలో. చేసుకున్నవాళ్ళకి చేసుకున్నంత. ఈ లెక్కలో పెరిగినవాళ్ళం రష్యన్ నవలాకారుడు దోస్తొయెవ్‌స్కీనో ఇంగ్లీషు నవలాకారుడు గ్రాహం గ్రీన్‌నో చదువుతుంటే ఎక్కడో ఒకచోట ఒళ్ళు మండుతుంది. గొడ్డలితో ఇద్దరు ఆడవాళ్ళని నరికినవాడి మీద రచయితకి అంత ఆపేక్ష ఏమిటి? తాగి, ఒట్టు తప్పి, బిడ్డని కన్న ఫాదర్‌ని తీసుకొచ్చి పుణ్యాత్ముల వరసలో నిలబెడతాడేమిటి? నాకూ ఒకప్పుడు అలాగే మండేది. రచయితల మెతకదనం అనుకునేవాణ్ణి. చాలా ఆలస్యంగా తెలిసింది, వాళ్ళు లెక్క రాసుకునే పుస్తకమే వేరని.

ఆ పుస్తకంలో ముఖ్యమైన మాట రిడెంప్షన్. లాటిన్ మూలంలో దానర్థం తిరిగి కొనుక్కోవడం. తాకట్టులో ఉన్న గొలుసు విడిపించుకోవడానికి కూడా ఇంగ్లీషులో ఇదే మాట వాడతారు. తెలుగు బైబిల్లో దీన్ని విమోచన అన్నారు. మత్తయి సువార్తలో యేసు తన ప్రాణాన్ని "విమోచన క్రయధనముగా" ఇవ్వడానికి వచ్చానంటాడు. క్రయధనం అంటే కొనుగోలు సొమ్ము. ఆదివారం ఆదివారం వినీ వినీ ఆ మాటకున్న బజారు వాసన పోయింది గానీ, నిజానికి అది బానిసలనీ బందీలనీ సొమ్ము కట్టి విడిపించే చోట పుట్టిన మాట.

ఇక్కడ పట్టుకోవాల్సింది ఒక్కటే. తాకట్టులో ఉన్న గొలుసు తనని తాను విడిపించుకోలేదు. ఎవరో బయటినుంచి డబ్బు పట్టుకుని రావాలి. ప్రాయశ్చిత్తానికీ దీనికీ తేడా అదే. ప్రాయశ్చిత్తం మనం చేసుకునేది.

'క్రైమ్ అండ్ పనిష్‌మెంట్' మొదలయ్యేదే తాకట్టు కొట్టులో అన్న సంగతి నాకు రెండోసారి చదివినప్పుడు గానీ తట్టలేదు. 1866లో పత్రికలో ధారావాహికగా వచ్చిన నవల. చదువు ఆపేసిన కుర్రాడు రస్కోల్నికోవ్, తండ్రి వెండి గడియారం పట్టుకుని వడ్డీవ్యాపారి అల్యోనా ఇవానొవ్నా ఇంటికి వెళతాడు. నాలుగు రూబుళ్ళు అడుగుతాడు. ఆవిడ ఒకటిన్నర ఇస్తానంటుంది. నెలకి రూబులుకి పది కొపెక్కుల వడ్డీ, అదీ ముందే పట్టుకోవాలి. కాబట్టి పదిహేను కొపెక్కులు తీసేసింది. పాత బాకీ మీద వడ్డీ ఇంకో ఇరవై. చివరికి చేతికొచ్చింది ఒక రూబులు పదిహేను కొపెక్కులు. మన ఊళ్ళలో వారానికో రోజుకో లెక్కన వడ్డీకి తిప్పేవాళ్ళని చూసినవాళ్ళకి ఈ సీను వివరించక్కర్లేదు. ఆ ముసలమ్మ మీద మనకీ అసహ్యం పుడుతుంది. పుట్టాలనే దోస్తొయెవ్‌స్కీ ఆ కొపెక్కులన్నీ మనచేత లెక్క పెట్టించాడు.

తర్వాత రస్కోల్నికోవ్ సిద్ధాంతం వస్తుంది. నెపోలియన్ లాంటి గొప్పవాళ్ళకి నెత్తురు దాటి వెళ్ళే హక్కు ఉందనీ, ఈ ముసలమ్మ ఒక పేను లాంటిదనీ, ఆవిడ డబ్బుతో ఎందరినో బాగు చెయ్యొచ్చనీ. మళ్ళీ ఆమె ఇంటికి వెళ్ళేటప్పుడు కూడా ఒక తాకట్టు సరుకు తీసుకెళతాడు. వెండి సిగరెట్టు పెట్టె అని చెప్తాడు గానీ లోపల ఉన్నది చెక్కముక్క, దానికి ఆనించిన ఇనప రేకు. దారంతో గట్టిగా ముడులు మీద ముడులు వేసి కట్టాడు. ఆవిడ కిటికీ వెలుగులో ఆ ముళ్ళు విప్పుకుంటూ ఉండగా వెనకనుంచి గొడ్డలి ఎత్తాలి. ఎత్తాడు. అంతలో ఆవిడ చెల్లెలు, నోరులేని మనిషి లిజవేత, గది మధ్యలో నిలబడి ఉంది. ఆమెనీ చంపాడు. సిద్ధాంతంలో లిజవేత లేదు. ఎవరి సిద్ధాంతంలోనూ ఆ అమాయకురాలికి చోటుండదు.

క్రైస్తవ ఆలోచనలో చెడు అంటే ఏమిటో చెప్పడానికి నేనైతే ఈ సీనే చూపిస్తాను. చెడు అంటే విలన్ కాదు. తెలియనితనం కూడా కాదు. తెలిసి తెలిసి, చక్కటి కారణాలు చూపించుకుని, తనని తాను మినహాయించుకోవడం. ఉత్తర ఆఫ్రికాకి చెందిన క్రైస్తవ ఆలోచనాపరుడు అగస్టీన్ నాలుగో శతాబ్దం చివర్లో తన జీవితం రాసుకుంటూ, పదహారేళ్ళప్పుడు స్నేహితులతో కలిసి పక్క తోటలో బేరిపండ్లు దొంగిలించిన ముచ్చటకి పేజీలకి పేజీలు కేటాయించాడు. ఆకలి లేదు. అంతకన్నా మంచి పండ్లు తన దగ్గరే బోలెడు ఉన్నాయి. తెచ్చినవి పందులకి వేశారు. మరి ఎందుకు చేశాను? చెయ్యకూడదు కాబట్టే చేశాను, అది నాకు నచ్చింది అంటాడు. మామిడి తోటలో రాళ్ళు విసరని బాల్యం ఉంటుందా, దీనికింత గొడవేమిటి అని నవ్వొస్తుంది. కానీ ఆయన భయపడింది పండ్ల గురించి కాదు, ఆ "నచ్చడం" గురించి.

ఆయన కాలంలోనే పెలాగియస్ అనే బ్రిటన్ సన్యాసి, మనిషి గట్టిగా అనుకుంటే మంచిగా బతకగలడు అని బోధించాడు. 418లో కార్తేజ్‌లో జరిగిన చర్చి పెద్దల సభ ఆ మాట తప్పని తేల్చింది. వినడానికి పెలాగియస్ మాటే మనకి ఇంపుగా ఉంటుంది. మోటివేషన్ స్పీకర్లందరూ ఆయన శిష్యులే. మనిషి తనంతట తాను బాగుపడలేడన్న అగస్టీన్ మాట చేదు. కానీ నవలలకి పనికొచ్చింది ఆ చేదే.

విలియం గోల్డింగ్ రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ నౌకాదళంలో పనిచేసి, తిరిగొచ్చి బళ్ళో పాఠాలు చెప్పుకుంటూ 1954లో 'లార్డ్ ఆఫ్ ది ఫ్లైస్' రాశాడు. పెద్దవాళ్ళు లేని దీవిలో మంచి బళ్ళో చదివిన పిల్లలు ఒకరినొకరు వేటాడుకునే కథ. "మృగం" కోసం అంతా అడవి వెతుకుతుంటే, అది మనమేనేమో అని సైమన్ అనే పిల్లాడు అంటాడు. మృగం లేదని చెప్పడానికి పరుగెత్తుకొచ్చిన ఆ పిల్లాణ్ణే మృగం అనుకుని చంపేస్తారు. చివర్లో నౌకాదళం ఆఫీసరు వచ్చి పిల్లల్ని కాపాడతాడు. ఆయన ఓడ కూడా యుద్ధంలోనే ఉంది మరి. పాపం గురించి ఇంత కచ్చితంగా రాసినవాడు విమోచన దగ్గరికొచ్చేసరికి తలుపు వేసేశాడు. చాలామంది ఆధునిక రచయితలు అగస్టీన్ చెప్పినదాంట్లో సగమే తీసుకున్నారు, చీకటి సగం.

మిగతా సగం తీసుకోవడం కష్టం. నమ్మించేలా రాయడం ఇంకా కష్టం.

మన దగ్గర చర్చిలో సాక్ష్యం చెప్పడం అని ఉంటుంది. ఒకరు లేచి నిలబడి, నేను తాగేవాణ్ణి, భార్యని కొట్టేవాణ్ణి, ప్రభువు నన్ను పట్టుకున్నాడు, ఇప్పుడు ఇలా ఉన్నాను అని చెప్తారు. మైకులో వినపడితే వీధి అంతా వింటుంది. ఆ మనిషికి అది నిజమే కావచ్చు, నేను వెటకారం చెయ్యను. కానీ కథగా అది ఇస్త్రీ చేసిన చొక్కా. ముందు మురికి, తర్వాత తెలుపు, మధ్యలో ఒక ఆదివారం. మంచి నవలాకారులు ఈ "తర్వాత" అన్న భాగాన్ని నమ్మలేదు.

రస్కోల్నికోవ్ సంగతే చూడండి. ఇంట్లో పిల్లల ఆకలి చూడలేక ఒళ్ళమ్ముకుంటున్న సోనియా దగ్గరికి వెళ్ళి, నాలుగు రోజులు సమాధిలో ఉన్న లాజరు లేచిన కథ చదివి వినిపించమంటాడు. కొవ్వొత్తి చివర మిణుకుమంటూ ఉంటుంది. హంతకుడు, వేశ్య కలిసి నిత్యగ్రంథం చదువుతున్నారని రచయిత ఒక వాక్యం రాశాడు. నవలాకారుడు నబొకోవ్‌కి ఆ వాక్యం అంటే ఒళ్ళుమంట. గొడ్డలితో నరికినవాణ్ణీ, గతిలేక ఒళ్ళమ్ముకున్న పిల్లనీ ఒకే తాటికి కట్టడమేమిటని. సగం నిజమే అనిపిస్తుంది. అయితే ఆ సీనులో నాకు ఎక్కువ పట్టేది కొవ్వొత్తి కాదు, ఆ పుస్తకం. అది సోనియాకి ఎవరిచ్చారు? లిజవేత. గది మధ్యలో నిలబడి చచ్చిపోయిన ఆ నోరులేని మనిషి. ఏ సిద్ధాంతంలోనూ చోటులేని లిజవేత పుస్తకం తన హంతకుడి చేతికి వచ్చింది.

నాలుగు రోడ్ల కూడలికి వెళ్ళు, నేలని ముద్దుపెట్టుకో, నేను హంతకుణ్ణి అని అందరికీ వినపడేలా చెప్పు అంటుంది సోనియా. వెళతాడు. మోకాళ్ళ మీద పడతాడు. బజారులో జనం నవ్వుతారు, తాగేశాడ్రా అని, జెరూసలేం పోతున్నాడేమో అని. అసలు మాట గొంతులోనే ఆగిపోతుంది. పోలీస్ స్టేషన్‌కి వెళ్ళి కూడా చెప్పకుండా బయటికొచ్చేస్తాడు. వాకిట్లో సోనియా తెల్లబోయిన ముఖంతో నిలబడి ఉంటుంది. ఆమెని చూసి మళ్ళీ లోపలికి వెళ్ళి అప్పుడు ఒప్పుకుంటాడు. ఎనిమిదేళ్ళు సైబీరియా. అక్కడికెళ్ళాక కూడా పశ్చాత్తాపం లేదు. తప్పు చేశానని కాదు, చేతకాలేదని ఏడుపు. ఉపసంహారంలో ఒక రోజు ఎందుకో తెలియకుండానే ఆమె కాళ్ళ మీద పడి ఏడుస్తాడు. ఆ పుస్తకం దిండు కింద ఉంటుంది. ఇంకా తెరవలేదు.

విమర్శకుల్లో చాలామందికి ఈ ముగింపు అతికినట్టు లేదు. కారణం చూపించలేదు అంటారు. చూపిస్తే అది కృప ఎందుకవుతుంది, సంపాదన అవుతుంది గానీ. ఇది ఊరికే సిద్ధాంతంగా రాసింది కూడా కాదు. 1849 డిసెంబరులో దోస్తొయెవ్‌స్కీని తుపాకుల ఎదుట నిలబెట్టి ఆఖరి నిమిషంలో జార్ చక్రవర్తి క్షమాభిక్ష చదివారు. తర్వాత నాలుగేళ్ళు ఓమ్స్క్ జైలు. దారిలో తొబోల్స్క్‌లో కొందరు ఖైదీల భార్యలు ఆయన చేతిలో కొత్త నిబంధన పెట్టారు. విడుదల అనేది తన ప్రయత్నం లేకుండా బయటినుంచి ఎలా వస్తుందో ఆయన ఒంటికి తెలుసు.

గ్రీన్ దగ్గరికొస్తే వ్యవహారం ఇంకా చిక్కన. 1938లో ఆయన మెక్సికోలోని తబాస్కో, చియాపాస్ తిరిగాడు. తబాస్కోలో గవర్నరు గర్రీదో కనబాల్ హయాంలో చర్చిలు కూల్చారు, ఫాదర్లని తరిమారు. 1940లో వచ్చిన 'ది పవర్ అండ్ ది గ్లోరీ' కథ అక్కడిది. రాష్ట్రంలో తప్పించుకు తిరుగుతున్న చివరి ఫాదర్ కథ. ఆయనకి పేరు లేదు. బ్రాందీ లేకపోతే చెయ్యి వణుకుతుంది. ఒక కూతురుంది.

ఒక సీను చెప్తాను. పూజకి ద్రాక్షారసం కావాలి, మద్యం నిషేధం. బ్లాకులో ఒక సీసా ద్రాక్షారసం, ఒక సీసా బ్రాందీ సంపాదిస్తాడు. అమ్మిపెట్టిన గవర్నరు చుట్టం, మర్యాదకి ఒక గ్లాసు పొయ్యవయ్యా అంటాడు. కాదంటే అనుమానం వస్తుంది. ఒక గ్లాసు, ఇంకో గ్లాసు. తన ఆఖరి డబ్బు, పల్లెలకి పట్టుకెళ్ళాల్సిన సత్ప్రసాదం, కళ్ళముందే వాళ్ళ కడుపుల్లోకి పోతుంది. ఫాదర్ కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడు. తాగితే ఏడ్చే రకం కాబోలు అనుకుంటారు వాళ్ళు. చివరికి మిగిలిన బ్రాందీ సీసాతో దొరికిపోయి జైల్లో పడతాడు.

జైల్లో చీకటి గది, కిక్కిరిసిన జనం, మురికి కంపు. ఒక భక్తురాలు అక్కడ పడి ఉన్నవాళ్ళని చూసి జంతువులంటూ చీదరించుకుంటుంది. ఈయనకి మాత్రం ఎప్పుడూ లేని ఆప్యాయత పుడుతుంది. నేను ఫాదర్‌ని అని చెప్పేస్తాడు. తలకి బహుమతి ఉందని అందరికీ తెలుసు, దొంగలూ హంతకులూ ఉన్నారు, ఒక్కడూ పట్టివ్వడు. మనిషిని నిదానంగా, ముఖం మీది ముడతలతో సహా ఊహించుకుంటే జాలి పుట్టక మానదనీ, ద్వేషం అంటే ఊహ చాలకపోవడమేననీ ఆయనకి తోస్తుంది. "అయ్యో పాపం" అన్న మాటలోని మొదటి అర్థం రెండో అర్థాన్ని కలుసుకునేది ఇక్కడే.

అసలు ముడి కూతురి దగ్గరుంది. పాపసంకీర్తనం, అంటే పాపాలు ఒప్పుకుని క్షమాపణ కోరడం, చెయ్యాలంటే చేసిన పాపానికి పశ్చాత్తాపపడాలి. ఆ పాపం వల్లే ఆ పిల్ల పుట్టింది. ఆ పిల్లంటే ప్రాణం. ఆమె పుట్టకపోతే బాగుండేదని ఏ తండ్రి అనుకుంటాడు? నన్ను నరకంలో వెయ్యి, ఆమెని బతికించు అని ప్రార్థిస్తాడు. అంతలోనే, ఈ ప్రేమ ప్రతి మనిషి మీదా ఉండాల్సింది కదా, నా దగ్గర లేకపోయిందే అని కుమిలిపోతాడు. పాపం చెయ్యనప్పుడు, బొజ్జ పెంచుకుని భక్తుల చేత చేతులు ముద్దుపెట్టించుకుంటున్నప్పుడు ఆయనకి ప్రేమ అంటే తెలియదు. చెడు ఆయన్ని బాగుచేసిందా అంటే కాదు. చెడు ఆయన గర్వాన్ని పగలగొట్టింది, ఆ పగులులోంచి ఏదో వచ్చింది.

ఎదుటి పక్షంలో ఫాదర్‌ని వేటాడే పోలీసు లెఫ్టినెంటు ఉన్నాడు. దేవుడంటే పడదు. నిజాయితీపరుడు, పిల్లలంటే ఇష్టం, లంచం ముట్టడు. ఫాదర్ అని తెలియక జైలునుంచి వదిలేస్తూ చేతిలో డబ్బు పెడతాడు. ఉరుకుల పరుగుల థ్రిల్లర్‌లో మంచివాడు ఇతనే అయ్యేవాడు. సరిహద్దు దాటి బతికిపోయిన ఫాదర్, చావుబతుకుల్లో ఉన్న ఒక హంతకుడు పిలుస్తున్నాడంటే ఉచ్చు అని తెలిసీ వెనక్కి వస్తాడు. ఆ హంతకుడు పశ్చాత్తాపపడకుండానే పోతాడు. ఈయన్ని కాల్చేస్తారు. ఆ పొద్దున ఆయనకున్న బాధ చావు గురించి కాదు, దేవుడి దగ్గరికి వట్టి చేతులతో వెళ్తున్నానని. వాటికన్‌కి ఈ పుస్తకం నచ్చలేదు, 1950ల్లో తప్పుపట్టింది. తర్వాత పోప్ ఆరో పాల్ గ్రీన్‌ని కలిసినప్పుడు, మీ పుస్తకాల్లో కొన్ని భాగాలు కొందరిని నొప్పిస్తాయి, మీరు పట్టించుకోకండి అన్నాడు.

అమెరికాలో జార్జియా రాష్ట్రపు రచయిత్రి ఫ్లానరీ ఓకానర్ ఇదే పని నవ్విస్తూ చేసింది. 1953 నాటి ఆమె పేరుపొందిన కథలో ఒక నాయనమ్మ ఉంటుంది. కారు ప్రయాణానికి చక్కగా తయారవుతుంది, ఎందుకంటే యాక్సిడెంటై రోడ్డు మీద శవమై పడున్నా, చూసినవాళ్ళు ఈవిడ మర్యాదస్తురాలు అనుకోవాలట. ఆవిడ చెప్పిన ఒక అబద్ధం, ఆవిడ దాచి తెచ్చిన పిల్లి కలిసి కారుని గుంతలో పడేస్తాయి. అక్కడికి పారిపోయిన ఖైదీ వస్తాడు. కుటుంబమంతా ఒక్కొక్కరే చచ్చిపోతుంటే ఆవిడ, మీరు మంచి వంశం వారు, ఆడదాన్ని కాల్చరు అని బతిమాలుతూనే ఉంటుంది. ఆఖరి క్షణంలో ఒక్కసారి మతి తేటపడి, నువ్వు నా పిల్లల్లో ఒకడివే కదయ్యా అని వాడి భుజం ముట్టుకుంటుంది. పాము కరిచినట్టు వెనక్కి గెంతి మూడుసార్లు కాలుస్తాడు. జీవితమంతా నిమిష నిమిషానికీ కాల్చేవాడొకడు పక్కన ఉండుంటే ఈమె మంచి మనిషై ఉండేది అని కూడా అంటాడు. విమోచన ఆవిడకి ఆ భుజం తాకినంతసేపే దొరికింది. అది చాలా? నేను ఆ కథ ఎవరికి చెప్పినా చాలదనే అంటారు.

టోల్కీన్ 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' చూసినవాళ్ళు కూడా ఒకటి గమనించకుండా దాటేస్తారు. నాశనం చెయ్యాల్సిన ఉంగరాన్ని నిప్పుల కొండ దాకా మోసుకెళ్ళిన హీరో ఫ్రోడో అక్కడ ఓడిపోతాడు, ఇది నాది అంటాడు. ఉంగరం నాశనమయ్యేది, దాని కోసమే వెంటపడి వచ్చిన గొల్లుమ్ దాన్ని వేలితో సహా కొరికి ఆ నిప్పుల్లో పడిపోవడం వల్ల. గొల్లుమ్ అప్పటిదాకా బతికి ఉన్నదేమో, ఉంగరం అంతకుముందు ఎవరి దగ్గరుందో ఆ బిల్బోకి, తర్వాత ఫ్రోడోకి వాడి మీద జాలి కలగడం వల్ల. టోల్కీన్ కాథలిక్కు. హీరో చేత గెలిపించడం ఆయనకి అబద్ధమనిపించింది.

ఇంతకీ చచ్చిపోయినవాళ్ళ సంగతేమిటి? ఇది బయటివాళ్ళు అడిగే ప్రశ్న అనుకుంటాం గానీ, అందరికన్నా గట్టిగా అడిగింది దోస్తొయెవ్‌స్కీ పాత్రే. 'బ్రదర్స్ కరమజోవ్'లో ఇవాన్, సన్యాసంలో ఉన్న తమ్ముడు అల్యోషాకి ఒక జనరల్ కథ చెప్తాడు. ఎనిమిదేళ్ళ పిల్లాడు ఆడుకుంటూ విసిరిన రాయి వేటకుక్క కాలికి తగిలింది. మర్నాడు తల్లి చూస్తుండగా జనరల్ ఆ పిల్లాడి మీదికి కుక్కల్ని వదిలాడు. వాణ్ణి ఏం చెయ్యాలి చెప్పు అంటాడు ఇవాన్. కాల్చెయ్యాలి అంటాడు అల్యోషా, మెల్లగా. తన బాధకి ఆ తల్లి క్షమిస్తే క్షమించుకోనీ, పిల్లాడి బాధని క్షమించే హక్కు ఆమెకెక్కడిది? ఆ ధరకొచ్చే స్వర్గం నాకొద్దు, టికెట్టు తిరిగిచ్చేస్తున్నాను అంటాడు ఇవాన్. ఎవరి తాకట్టు ఎవరు విడిపిస్తున్నారు, ఎవరి సొమ్ముతో? ఈ ప్రశ్నకి నవలలో ఎదురువాదన లేదు. అల్యోషా చివరికి అన్న దగ్గరికెళ్ళి ముద్దు పెట్టుకుంటాడు, అంతే. నాకు అది జవాబుగా సరిపోదు. రచయితకీ సరిపోలేదేమో, మిగతా నవలంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

జపాన్ రచయిత ఎండో షుసాకు చిన్నప్పుడే తల్లి వల్ల బాప్తిస్మం పొందాడు. క్రైస్తవాన్ని తనకి కొలత కుదరని పడమటి సూటుతో పోల్చుకునేవాడు. నాగసాకిలో ఆయనొక ఫుమియే చూశాడు. పదిహేడో శతాబ్దంలో క్రైస్తవుల్ని పట్టుకోవడానికి నేలమీద పెట్టి తొక్కించిన క్రీస్తు బొమ్మ అది. చుట్టూ ఉన్న చెక్క చట్రం మీద కాలి వేళ్ళ నల్లటి మరకలు. తొక్కనివాళ్ళ పేర్లు చరిత్రలో ఉన్నాయి. ఆ మరకలు ఎవరివి అని ఆయన ఆలోచించాడు.

1966లో వచ్చిన 'సైలెన్స్'లో ఆ మరకలకి కిచిజిరో అని పేరు పెట్టాడు. పిరికివాడు, తాగుబోతు. బొమ్మ తొక్కుతాడు, ఏడుస్తాడు, పాపసంకీర్తనం చేసుకుంటాడు, మళ్ళీ తొక్కుతాడు. పోర్చుగీసు ఫాదర్ రొద్రిగెస్‌ని వెండి నాణేలకి పట్టిస్తాడు. పట్టించి కూడా వెనకే వస్తాడు, నా పాపం వినండి అంటూ. హింస లేని కాలంలో పుట్టుంటే నేనూ మంచి క్రైస్తవుణ్ణే అయ్యేవాణ్ణి, నన్ను బలహీనుడిగా పుట్టించి బలవంతుడిలా ఉండమంటే ఎలా అని అడుగుతాడు. రొద్రిగెస్‌కి వాడంటే కంపరం.

ఒక రాత్రి జైల్లో రొద్రిగెస్‌కి గురక వినిపిస్తుంది. కాపలావాడు తాగి నిద్రపోతున్నాడనుకుని నవ్వుకుంటాడు. అది గురక కాదు, గోతుల్లో తలకిందులుగా వేలాడదీసిన పల్లెటూరివాళ్ళ మూలుగు. వాళ్ళు ఎప్పుడో మతం వదిలేశామన్నారు. ఈయన తొక్కేదాకా వాళ్ళని విప్పరు. తెల్లవారుతుండగా తొక్కుతాడు. బొమ్మలోని ముఖం, తొక్కు అన్నట్టు వినిపిస్తుంది. కోడి కూస్తుంది.

కొంతకాలం గడుస్తుంది. ఫాదర్ పదవి పోయింది, ప్రభుత్వం ఇచ్చిన ఇంట్లో కాపలా మధ్య ఉంటున్నాడు. ఒక రాత్రి తలుపు తడతారు. కిచిజిరో. నా పాపం వినండి ఫాదర్. నేను ఫాదర్‌ని కాదు, నేనూ తొక్కినవాణ్ణే అంటాడు రొద్రిగెస్. తెలుసు, అయినా వినండి అంటాడు వాడు. వింటాడు.